ముట్లుడిగాక వచ్చే మంట

"ఒంట్లో వేడి చేసింది." యాభై దాటిన ఆడవాళ్ల నోట ఈ మాట తరచూ వింటాం. మూత్రానికి వెళ్తే మంట. వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం. కూర్చున్నా నడిచినా కింద ఒరుసుకుపోతున్నట్టు ఉండటం. ఇంట్లోవాళ్లు మజ్జిగ తాగమంటారు. సబ్జా నానబెట్టి ఇస్తారు, బార్లీ కాచి ఇస్తారు. నాలుగు రోజులకూ తగ్గకపోతే మందుల షాపు నుంచి యాంటీబయాటిక్ వస్తుంది. కాస్త నెమ్మదిస్తుంది. నెల తిరక్కుండా మళ్లీ మొదలవుతుంది.

నీళ్లూ మజ్జిగా తాగడం మంచిదే. కానీ ఈ వయసులో ఇలా తిరగబెట్టే మంటకు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. ముట్లు ఆగిపోయాక యోనిలోనూ మూత్రమార్గంలోనూ ఒక మార్పు వస్తుంది. ముట్లుడిగిన స్త్రీలలో దాదాపు సగం మందిని అది ఎంతో కొంత బాధిస్తుంది. దానికి మందు ఉంది. ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న మందే. అయినా అవసరమైన వాళ్లలో చాలామందికి అది చేరడం లేదు. ఆ మార్పు ఏమిటో, మందు ఎలా పనిచేస్తుందో, ఎందుకు చేరడం లేదో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పేరు సంగతి. డాక్టర్లు దీన్ని చాలాకాలం 'వెజైనల్ ఎట్రోఫీ' (యోని గోడలు పలచబడి కృశించడం) అన్నారు. 2014లో స్త్రీల ఆరోగ్యంపై పనిచేసే రెండు వైద్య సంఘాలు 'జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్' (ముట్లుడిగాక జననాంగాల్లో, మూత్రమార్గంలో కలిసి కనిపించే లక్షణాలు) అనే కొత్త పేరు పెట్టాయి. చీటీ మీద క్లుప్తంగా జీఎస్ఎం అని రాస్తారు. పేరు మార్చడానికి తగిన కారణమే ఉంది. పాత పేరులో మూత్రం బాధల ప్రస్తావన లేదు. మంట కోసం వచ్చిన మనిషిని మూత్రం పరీక్షకు పంపి అక్కడితో ఆపేసేవారు. పొడిబారడం గురించి ఆమె చెప్పేది కాదు, వాళ్లు అడిగేవారు కాదు.

ఇప్పుడు లోపల జరిగేది చూద్దాం. యోని గోడ మీద కణాలు చాలా పొరలుగా ఉంటాయి. ఆ పొరలను మందంగా, తడిగా, సాగేలా ఉంచేది ఈస్ట్రోజెన్ (ప్రధానంగా అండాశయాల్లో తయారయ్యే స్త్రీ హార్మోను). పై పొర కణాల్లో గ్లైకోజెన్ (కణాలు దాచుకునే పిండిపదార్థం) నిండేలా చూసేదీ అదే. కణాలు రాలినప్పుడు ఆ గ్లైకోజెన్ యోనిలో ఉండే లాక్టోబాసిల్లై (మేలు చేసే ఒక రకం బ్యాక్టీరియా) కు ఆహారమవుతుంది. అవి దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పెరుగుకు పులుపునిచ్చేదీ ఈ ఆమ్లమే. ఆ పులుపు వల్ల యోనిలో పీహెచ్ (ఆమ్లగుణాన్ని చూపే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. మలద్వారం దగ్గరి నుంచి వచ్చే ఈ-కోలై లాంటి సూక్ష్మజీవులు అంత పులుపులో సులువుగా నిలదొక్కుకోలేవు.

ముట్లు ఆగేసరికి అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీని దాదాపు ఆపేస్తాయి. అక్కడి నుంచి ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. గోడలు పలచబడతాయి. రక్తప్రసారం తగ్గుతుంది. తడి తగ్గుతుంది. గ్లైకోజెన్ తగ్గి లాక్టోబాసిల్లైకి తిండి కరవవుతుంది. పులుపు పోయి పీహెచ్ 5 దాటుతుంది. మూత్రనాళంలోనూ, మూత్రాశయం అడుగుభాగంలోనూ ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలు ఉంటాయి కాబట్టి అక్కడి పొరలు కూడా పలచబడతాయి. అందుకే మంట, ఆపుకోలేనట్టు మూత్రం రావడం, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి రావడం, పదేపదే ఇన్ఫెక్షన్లు. దాంపత్యంలో నొప్పి, కొద్దిగా రక్తపు మరక కూడా ఇందులోవే. కొందరికి కాటన్ బట్ట రాసుకున్నా చురుక్కుమంటుంది.

పెరుగులోనూ ఇదే ఆమ్లం ఉంటే పెరుగు రాసుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు, కొందరు రాసి చూస్తారు కూడా. సరిపోదు. తోడు ఎంత మంచిదైనా పాలు లేని గిన్నెలో పెరుగు పేరుకోదు. పలచబడ్డ గోడలో గ్లైకోజెన్ లేనప్పుడు బయటి నుంచి తెచ్చిన బ్యాక్టీరియా అక్కడ నిలవదు.

ఒళ్లంతా ఆవిర్లు రావడం, చెమటలు పట్టడం కొన్నేళ్లకు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. ఇది తగ్గదు. వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. "ఆ వయసు దాటితే అదే పోతుందిలే" అని పెద్దవాళ్లు చెప్పేమాట ఆవిర్లకు వర్తిస్తుంది కానీ దీనికి వర్తించదు. ఈ తేడా తెలియక పదేళ్లు ఓర్చుకున్నవాళ్లు ఉన్నారు.

మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46, 47 ఏళ్లు. పాశ్చాత్య దేశాల్లో 51 దాకా ఉంటుంది. అంటే మన ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ లేకుండా బతికే కాలం కాస్త ముందే మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో దీనికి తోడు మరో సంగతి ఉంది. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలోనే ఎక్కువ మన దగ్గర. ముప్పై ఐదేళ్లకే "సంచి తీసేశారమ్మా" అని చెప్పే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎందరో.

ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముప్పై ఏడేళ్ల మనిషికి యాభై ఏడేళ్ల పొడిబారడం వస్తుంది. అండాశయాలు ఉంచి సంచి మాత్రమే తీస్తే హార్మోను కొంతకాలం వస్తూనే ఉంటుంది. మామూలు కంటే కాస్త ముందే తగ్గొచ్చు. ఇక్కడొక చిక్కు ఉంది. మిగతా ఆడవాళ్లకు నెలసరి ఒక గుర్తు. అది ఏడాదిపాటు రాకపోతే ముట్లుడిగాయని తెలుస్తుంది. సంచి తీసేసిన మనిషికి ఆ గుర్తే లేదు. ఆమెకు నలభై నాలుగేళ్లకు కింద మంట మొదలైతే దాన్ని మెనోపాజ్‌తో కలిపి చూసే వీలు ఆమెకూ లేదు, చాలాసార్లు ఆమెను చూసిన డాక్టరుకూ తట్టదు. సంచి ఏ ఏడు తీశారు, అండాశయాలు ఉన్నాయా తీసేశారా అన్నది ప్రతి స్త్రీ దగ్గరా రాసి ఉండాల్సిన విషయం. పాత డిశ్చార్జి కాగితంలో అది ఉంటుంది. ఆ కాగితాన్ని వెతికి దాచుకోవడం ఇవాళే చేయదగ్గ పని.

ఇది దాంపత్యానికి సంబంధించిన గొడవేనని చాలామంది అనుకుంటారు. అందుకే భర్త పోయినవాళ్లూ, డెబ్బై దాటినవాళ్లూ "నాకెందుకివన్నీ" అని ఊరుకుంటారు. కానీ మూత్రం ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చేది ఎక్కువగా ఆ వయసు వాళ్లకే. బస్సు ప్రయాణమంటే భయపడి పెళ్లిళ్లకు వెళ్లడం మానుకునేదీ వాళ్లే. గర్భసంచి జారినవాళ్లకు లోపల రింగు పెట్టినప్పుడు పలచని గోడ ఒరుసుకుపోయి పుండవుతుంది. అలాంటి వాళ్లకు కూడా ఈ చికిత్స అవసరమవుతుంది.

దంపతుల విషయానికొస్తే, నొప్పి ఒకటి రెండుసార్లు కలిగాక శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత దగ్గరైనప్పుడు కటి కండరాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. బిగుసుకుంటే నొప్పి ఇంకా ఎక్కువ. ఆమె తప్పించుకుంటుంది. ఆయన దాన్ని విముఖత అనుకుంటాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. ఇక్కడ భర్తకు తెలియాల్సింది ఒక్కటే. మనసున్నా ఒళ్లు సహకరించని స్థితి ఇది. నొప్పిని భరించి సాగించడం వల్ల బిగుతు పెరుగుతుంది తప్ప తగ్గదు. చికిత్స మొదలుపెట్టి కొన్ని వారాలు ఆగడం మంచిది. బిగుతు అప్పటికీ పోకపోతే కటి కండరాలను సడలించే వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు.

చికిత్స రెండు మెట్లుగా సాగుతుంది. లక్షణాలు తక్కువగా ఉంటే హార్మోను లేని వాటితో మొదలుపెడతారు. ఇందులో రెండు రకాలను కలగలిపేయకూడదు. మాయిశ్చరైజర్ (గోడకు అంటుకుని తడిని పట్టి ఉంచే జెల్) వారానికి రెండు మూడుసార్లు క్రమం తప్పకుండా వాడేది. లూబ్రికెంట్ (జారుడుగా ఉంచే ద్రవం) దాంపత్య సమయంలో మాత్రమే వాడేది. మొదటిది చర్మానికి రోజూ రాసే నూనె లాంటిది, రెండోది అప్పటికప్పుడు రాపిడి తగ్గించేది. కొబ్బరినూనె కొందరికి హాయిగా ఉంటుంది. కానీ నూనెలు రబ్బరు కండోమ్‌ను దెబ్బతీస్తాయని గుర్తుంచుకోవాలి. వాసనలు, రంగులు కలిపినవి వద్దు. సబ్బు, యాంటీసెప్టిక్ కలిపిన నీళ్లతో లోపల కడగడం అసలే వద్దు. ఉన్న కాస్త పులుపునూ అవి కడిగేస్తాయి.

ఈ సాదా జెల్‌ను తేలికగా తీసుకోకూడదు. 2018లో అమెరికాలో 302 మంది స్త్రీలపై జరిగిన ఒక పరీక్షలో 12 వారాలపాటు కొందరికి ఈస్ట్రోజెన్ మాత్ర, కొందరికి మాయిశ్చరైజర్, కొందరికి మందు లేని మాత్ర, జెల్ ఇచ్చారు. అన్ని గుంపుల్లోనూ బాధ తగ్గింది. గుంపుల మధ్య పెద్ద తేడా కనబడలేదు. ఆ జెల్ ఇచ్చే తడి, క్రమం తప్పని శ్రద్ధ కూడా కొంత మేలు చేశాయన్నమాట. పొడిబారడం, నొప్పి ఓ మోస్తరుగా ఉన్నవాళ్లు జెల్‌తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

అయితే జెల్ తడినిస్తుంది కానీ గోడను మందం చేయలేదు, లాక్టోబాసిల్లైకి తిండి పెట్టలేదు. మూత్రం ఇన్ఫెక్షన్లు తిరగబెడుతున్నప్పుడు ఈ తేడా బయటపడుతుంది. 1993లో ఇజ్రాయెల్‌లో 93 మంది స్త్రీలపై చేసిన అధ్యయనం ఇందుకు గట్టి సాక్ష్యం. వాళ్లందరికీ ముట్లుడిగాయి, అందరికీ పదేపదే ఇన్ఫెక్షన్లు. సగం మందికి యోనిలో వాడే ఎస్ట్రియోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక సౌమ్యమైన రకం) క్రీము, మిగతావారికి మందు లేని క్రీము ఇచ్చారు. మందు లేని వారికి ఏడాదికి మనిషికి సగటున 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. మందు వాడినవారికి 0.5 సార్లు. నెల రోజుల్లోనే మందు వాడినవాళ్లలో ఎక్కువ మందికి లాక్టోబాసిల్లై తిరిగి వచ్చాయి, పీహెచ్ పడిపోయింది. పైన చెప్పుకున్న గొలుసు మొత్తం వెనక్కి తిరిగిందన్నమాట. పదేపదే యాంటీబయాటిక్ మింగుతున్న ప్రతి పెద్దావిడకూ ఈ సంగతి తెలియాలని నా కోరిక. ఆ మాత్రలు లోపల చేరిన సూక్ష్మజీవిని చంపుతాయి. తలుపు తెరిచే ఉంటుంది.

రెండో మెట్టు ఈ క్రీమే. మన దగ్గర ఎక్కువగా రాసేవి ఎస్ట్రియోల్ క్రీము, మరికొన్ని ఈస్ట్రోజెన్ క్రీములు. కొన్ని చోట్ల యోనిలో పెట్టుకునే చిన్న మాత్రలూ దొరుకుతాయి. సాధారణంగా మొదట రెండు మూడు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండు రాత్రులు వాడమంటారు. ట్యూబుతో పాటు వచ్చే ప్లాస్టిక్ గొట్టంలో డాక్టరు చెప్పిన గీత వరకు నింపి, పడుకునే ముందు లోపల పెట్టుకోవాలి. గొట్టం పెడితే నొప్పి అనేవాళ్లు వేలితో ముఖద్వారం దగ్గర రాసుకోవచ్చా అని డాక్టరును అడగొచ్చు. దాంపత్యానికి ముందు లూబ్రికెంట్‌లా దీన్ని వాడకూడదు.

మొదటి వారంలో చాలామంది మానేస్తారు. కారణం, పలచబడ్డ గోడకు ఏది తగిలినా కొన్నాళ్లు మండుతుంది. మందు పడలేదనుకుని ట్యూబు పక్కన పడేస్తారు. గోడ కాస్త మందం కాగానే ఆ చురుకు తగ్గుతుంది. తేడా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి 12 వారాల దాకా పడుతుంది. మంట బాగా ఎక్కువైతే, వాపు వస్తే మాత్రం ఓర్చుకోకుండా డాక్టరుకు చూపించాలి.

మొదటి వారం దాటినవాళ్లలో మరికొందరు ట్యూబుతో వచ్చే కాగితం చదివి మానేస్తారు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, మతిమరుపు అని అందులో ఉంటుంది. చదివి భయపడటం సహజం. ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. 2002లో అమెరికాలో 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' అనే పెద్ద పరీక్షలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. అందులో 16 వేల మందికి పైగా స్త్రీలు. వాళ్ల సగటు వయసు 63. మందు తీసుకున్న గుంపు రోజూ నోటితో మింగింది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (గర్భసంచి పొరను అదుపులో ఉంచే హార్మోను) కలిసిన మాత్ర. వాళ్లలో రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం కొంత ఎక్కువగా కనిపించాయి. ఆ తర్వాత అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈస్ట్రోజెన్ ఉన్న మందులన్నిటి మీదా ఒకే హెచ్చరిక వేయించింది. మింగే మాత్రకూ, వారానికి రెండుసార్లు రాసుకునే క్రీముకూ తేడా చూడలేదు.

తేడా ఎంతో లెక్క వేద్దాం. యోనిలో పెట్టే చిన్న మాత్రలో 10 మైక్రోగ్రాముల ఎస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం) ఉంటుంది. మొదట రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండు చొప్పున ఏడాది వాడితే 114 మాత్రలు. మొత్తం 1.14 మిల్లీగ్రాములు. నోటితో మింగే ఎస్ట్రడయోల్ ఒక్క రోజు మాత్రలోనే ఒక మిల్లీగ్రాము ఉంటుంది. ఇంత తక్కువ మోతాదు పెట్టిన చోటే పనిచేస్తుంది, రక్తంలో ఈస్ట్రోజెన్ ముట్లుడిగిన స్త్రీలకు మామూలుగా ఉండే స్థాయిని పెద్దగా దాటదు. 45 వేల మందికి పైగా స్త్రీలను సగటున ఏడేళ్లపాటు గమనించి 2018లో వెలువరించిన అధ్యయనంలో, యోనిలో ఈస్ట్రోజెన్ వాడినవాళ్లలో క్యాన్సర్లు, గుండెజబ్బులు వాడనివాళ్ల కంటే ఎక్కువగా లేవు. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపుల గురించిన ఆ హెచ్చరికను తొలగించే పని మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది. మన ఇళ్లలోని ట్యూబుల కాగితాల్లో పాత మాటలే ఇంకా కొన్నాళ్లు కనబడవచ్చు.

రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ల సంగతి వేరుగా చూడాలి. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే ఎరోమటేజ్ ఇన్హిబిటర్ మాత్రలు (శరీరంలో మిగిలిన ఈస్ట్రోజెన్‌నూ తగ్గించేవి) పొడిబారడాన్ని మరీ పెంచుతాయి. ఆ బాధ భరించలేక క్యాన్సర్ మందే మానేసేవాళ్లు ఉంటారు. అది ప్రమాదం. వీళ్లు మాయిశ్చరైజర్లతో మొదలుపెట్టాలి. తగ్గకపోతే క్రీము వాడాలా వద్దా అన్నది క్యాన్సర్ డాక్టరూ గైనకాలజిస్టూ కలిసి చూడాల్సిన నిర్ణయం. సొంతంగా కొని వాడకూడదు.

లేజరుతో యోనిని 'పునరుజ్జీవింప' చేస్తామని నగరాల్లో ప్రకటనలు కనబడుతున్నాయి. ఖర్చు ఎక్కువ. 2021లో ఆస్ట్రేలియాలో 85 మందిపై జరిగిన పరీక్షలో కొందరికి నిజమైన లేజరు, కొందరికి లేజరులా కనిపించే ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. ఏడాది తర్వాత రెండు గుంపుల మధ్యా తేడా లేదు. డబ్బు దాచుకోండి.

క్రీము మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా డాక్టరు చూడాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా చూపించుకోవాలి. ఎక్కువసార్లు అది పలచబడ్డ పొర వల్లే కావచ్చు. కానీ ఇలా వచ్చేవాళ్లలో పదిమందిలో సుమారు ఒకరికి గర్భసంచి పొర క్యాన్సర్ బయటపడుతుంది. తొలిదశలో దొరికితే బాగా నయమయ్యే క్యాన్సర్ ఇది. దురద విపరీతంగా ఉండి బయటి చర్మం తెల్లగా మారితే అది వేరే చర్మవ్యాధి కావచ్చు, దాని మందు వేరు. షుగరు ఉన్నవాళ్లకు దురదతో తెల్లబట్ట అయితే ఫంగస్ అనుకోవచ్చు. షుగరు లేకుండా, ముట్లుడిగిన మనిషికి ఫంగస్ అంత సులువుగా రాదు, అది పెరగడానికి కావలసిన గ్లైకోజెనే అక్కడ తక్కువ. కాబట్టి షాపులో ఫంగస్ మందు కొని పదేపదే వాడటం వృథా. మూత్రంలో మంట ఉంటే యాంటీబయాటిక్‌కు ముందు కల్చర్ పరీక్ష (మూత్రంలోని సూక్ష్మజీవిని పెంచి గుర్తించడం) చేయించమని అడగాలి. మంట ఉన్నా కల్చర్‌లో ఏమీ పెరగకపోతే అది ఈ పొడిబారడం వైపే వేలు చూపిస్తుంది.

డాక్టరు దగ్గర ఎలా చెప్పాలో తెలియక ఇంటికి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. "కడుపులో నొప్పి" అని చెప్పి, అసలు మాట గొంతులోనే ఉంచుకుంటారు. నోటితో చెప్పడం కష్టమైతే చీటీ రాసి ఇవ్వండి. ముట్లు ఆగి ఎన్నేళ్లయింది, సంచి తీశారా, అండాశయాలు ఉన్నాయా, కింద పొడిగా మంటగా ఉందా, మూత్రం ఇన్ఫెక్షన్ ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చింది, రొమ్ము క్యాన్సర్ ఎప్పుడైనా వచ్చిందా, ఏ మందులు వాడుతున్నారు. ఈ ఏడు సంగతులు ఉంటే డాక్టరుకు దారి తెలుస్తుంది. మందు మొదలైన తేదీ కూడా అదే చీటీ వెనక రాసి ఉంచుకోండి. 12 వారాల తర్వాత తేడా లేకపోతే మోతాదు, వాడే పద్ధతి, అసలు జబ్బు ఇదేనా అన్నది మళ్లీ చూడాలి. తేడా కనబడితే మందు ఆపకూడదు. ఆపితే గోడలు మళ్లీ పలచబడతాయి, నెలల్లో మంట తిరిగొస్తుంది. బీపీ మాత్రలాగే దీన్నీ ఏళ్ల తరబడి వాడొచ్చు, ఏడాదికొకసారి డాక్టరుకు చూపించుకుంటూ.